మన జిల్లా కథలు చరిత్ర పుస్తకాల్లోకి ఎందుకు ఎక్కడం లేదు?

పెన్నాతీరం
సామాన్య పాఠకుల కోసం రాసిన చరిత్ర పుస్తకాలు ఇప్పుడు తెలుగులో బాగానే వస్తున్నాయి. మరుగునపడిన కథలను వెలికి తెస్తున్నామని ప్రతి పుస్తకం వెనుక అట్ట మీదా ఉంటుంది. ఆ మాట నమ్మి నెల్లూరు పుస్తక ప్రదర్శనలో ఒకటి కొన్నాను. అందులో మద్రాసు పుట్టుక మీద పెద్ద అధ్యాయమే ఉంది. 1639లో ఫ్రాన్సిస్ డే అక్కడ స్థలం సంపాదించడంతో కథ మొదలవుతుంది. అంతకుముందు ఆయన ఎక్కడ ఉన్నాడో ఒక్క వాక్యం కూడా లేదు. ఆయన మన దుగరాజపట్నంలో ఇంగ్లీషు కంపెనీ వర్తక కేంద్రానికి అధికారిగా ఉండేవాడు. 1620లలోనే కంపెనీవాళ్ళు అక్కడ దిగి, ఫిరంగులు పెట్టుకుని, బట్టల వ్యాపారం మొదలుపెట్టారు. ఆ రేవును వాళ్ళు ఆర్మగాన్ అని రాసుకున్నారు. తమకు సాయం చేసిన ఆరుముగం మొదలియార్ పేరే దానికి పెట్టుకున్నారని చెబుతారు. అక్కడ తమకు కావలసిన రకం బట్ట చాలినంత దొరకకపోవడం వల్లనే దక్షిణానికి కదిలి మద్రాసు వెతుక్కున్నారు. ఒక మహానగరం కథ మన రేవులో మొదలైందని చెప్పడానికి రెండు పేరాలు చాలు, ఆ రెండు పేరాలకు కూడా చోటు దొరకలేదు. ఇది రచయితల నిర్లక్ష్యమా, లేక మన కథలను మనమే రాసుకోకపోవడమా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల మీద అందరూ చదవగలిగే చిన్న పుస్తకం ఒకటి రాయాలని నాకు కోరికగా ఉంది. అందులో ఏ కథలు ఉండాలో, ఎలా రాయాలో మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మూలాపేట_వాసి
రెండో కారణమే నిజమని నా అభిప్రాయం. పొట్టి శ్రీరాములు గారి పేరు జిల్లాకు పెట్టుకున్నాం. 1952లో మద్రాసులో ఆయన చేసిన 58 రోజుల దీక్ష గురించి పిల్లలకు కూడా తెలుసు. ఆ దీక్షకు ఆరేళ్ళ ముందు, 1946లో, మా మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని ఆయన నిరాహార దీక్ష చేసిన సంగతి మా వీధిలోనే చాలామందికి తెలియదు. రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన మనిషిగా తలచుకుంటున్నాం గానీ, గుడి తలుపు కోసం ప్రాణం పణంగా పెట్టిన మనిషిగా తలచుకోవడం లేదు. మీ పుస్తకంలో మొదటి అధ్యాయం ఇదే కావాలని నా కోరిక.

శాసనప్రియ
మరుగునపడిన కథలు అనే మాటతోనే నాకు పేచీ. వీటిలో చాలా కథలు ఎక్కడా దాగి లేవు. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి కలిసి మూడు సంపుటాలుగా 1905లోనే అచ్చు వేశారు. తాలూకాల వారీగా, ఊరి పేరుతో సహా ఉంటాయి. అప్పటి ఒంగోలు, కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి తాలూకాల శాసనాలు కూడా అందులోనే దొరుకుతాయి. తెరిచి చూసేవాళ్ళు లేరు గానీ కథలు కనబడకుండా పోలేదు.

రెండో విషయం. తేలికగా చదివించాలనే తొందరలో కొందరు రచయితలు పాత తప్పునే మళ్ళీ మళ్ళీ అచ్చు వేస్తున్నారు. మోటుపల్లినే చూడండి. మార్కో పోలో ఆ రేవు ప్రాంతాన్ని ఏలే రాణి గురించి రాస్తూ, ముందు ఏలిన రాజుకు భార్యగా, ఆయన చనిపోయాక రాజ్యం చేస్తున్న ఇల్లాలిగా ఆమెను వర్ణించాడు. ఆమె రుద్రమదేవి. ముందు ఏలిన గణపతిదేవుడికి ఆమె భార్య కాదు, కూతురని శాసనాలు చెబుతున్నాయి. అయినా విదేశీ యాత్రికుడి వర్ణన రంగుగా ఉంటుంది గనుక దాన్నే ఎత్తి రాస్తారు. అదే మోటుపల్లిలో గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244-45లో వేయించిన అభయశాసనం ఉంది. పూర్వపు రాజులు, గాలివాన దెబ్బకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా బలవంతంగా తీసుకునేవారనీ, ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ అందులో ఉంది. శ్రీగంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, మిరియాలు అంటూ సరుకుల పేర్లు కూడా ఉన్నాయి. మార్కో పోలో చెప్పిన వజ్రాల లోయ కట్టుకథ కంటే ఇది వెయ్యి రెట్లు గొప్ప కథ.

గుండ్లకమ్మ_ఒడ్డు
శాసనప్రియ గారు చెప్పినవన్నీ నిజమే, కానీ ఆ మూడు సంపుటాలు ఎవరి చేతికి అందుతాయో కూడా ఆలోచించాలి. కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆయన మిత్రులు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఎందుకు పెట్టారు? చరిత్రను, విజ్ఞానాన్ని తెలుగులో చదివే మామూలు మనిషి దగ్గరకు తీసుకెళ్ళడానికే. పండితులు శాసనాలను పరిష్కరించడం ఎంత అవసరమో, వాటిని తెలుగులో కథగా చెప్పేవాళ్ళు కూడా అంతే అవసరం. ఒక చిన్న పొరపాటు ఉందని పుస్తకాన్నే పక్కన పడేస్తే చివరికి పాఠకుడి చేతిలో ఏమీ మిగలదు.

శాసనప్రియ
పుస్తకాన్ని పడేయమని నేను అనలేదు. ఈ సంగతి ఏ శాసనంలో ఉంది, అది ఏ ఊళ్ళో ఉంది అని ఒక్క మాట రాయమంటున్నాను. ఆ మాట ఉంటే చదివినవాడు వెళ్ళి చూసుకోగలడు. మా అమ్మమ్మ గారి ఊళ్ళో చెరువు కట్ట కింద ఒక దానశాసనం ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉంటాయి, కింద అక్షరాలు సగం మట్టిలో కూరుకుపోయాయి. ఈ దానాన్ని అపహరించినవాళ్ళు గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతారని చివరి పంక్తుల్లో ఉంటుంది. మా మేనమామ కూతురు తడిగుడ్డతో ఆ అక్షరాలు తుడిచి, వేలు పెట్టి ఒక్కొక్కటే పోల్చుకుంటూ ‘గంగ’ అన్న మాట తానే చదివింది. తమ ఊరికి కూడా చరిత్ర ఉందని ఆ పిల్లకు అప్పుడు తెలిసింది. పుస్తకంలో ఊరి పేరు రాయమనేది ఇందుకే.

మూలాపేట_వాసి
ఊరి పేరు రాయాలన్న మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటాను.

కనిగిరి_కొండ
శాసనాల్లో లేనివాళ్ళ సంగతి ఏమిటి? మా వైపు కాటమరాజు కథ తెలియని ఇల్లు లేదు. కరవు కాలంలో ఆవుల మందలను తోలుకుని నెల్లూరు సీమ బీళ్ళలోకి రావడం, పుల్లరి, అంటే పశువుల మేతకు కట్టే పన్ను, దగ్గర మనుమసిద్ధి రాజుతో మాట తేడా రావడం, చివరికి యుద్ధం. కొమ్ములవాళ్ళు వీరణాలు మోగిస్తూ రాత్రంతా ఆ కథ చెబుతుంటే మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళు ఉండరు. తిక్కన గారిని కవిగా అందరూ ఎరుగుదురు. ఆ యుద్ధంలో రాజు పక్షాన నిలిచిన ఖడ్గతిక్కనను, ఓడి ఇంటికి వచ్చినప్పుడు భార్య ఆయనకు మంచం చాటున పసుపు ముద్దతో స్నానానికి ఏర్పాటు చేసిన ఘట్టాన్ని కూడా ఎరుగుదురు. ఇదే గొడవను పశువుల కాపరుల వైపు నుంచి చెప్పే పుస్తకం మాత్రం సామాన్య పాఠకుడికి దొరకదు. రాజుకు కట్టాల్సిన పుల్లరి రాజుకు న్యాయంగానే కనబడుతుంది. మేత లేక పశువులు చస్తుంటే కాపరికి అది ఎలా కనబడుతుందో ఆ పాటలోనే ఉంది.

శాసనప్రియ
పాటను పాటగా చెప్పండి, నాకు అభ్యంతరం లేదు. అయితే పాటలో ఉన్న ప్రతి వీరుడినీ, ప్రతి లెక్కనూ జరిగిన సంగతిగా రాయకూడదు. తరతరాలుగా పాడుతూ వచ్చిన కథలో తర్వాతి తరాల కోపాలు, కోరికలు కూడా చేరతాయి.

కనిగిరి_కొండ
రాజులు వేయించిన శాసనాల్లోనూ రాజుల కోరికలు ఉంటాయి గదా. రెండింటినీ ఒకే తూకంతో తూచండి, అంతకుమించి నేను అడగడం లేదు.

చీరాల_మగ్గం
మా ఊరిని మర్చిపోకండి. చీరాల, పేరాల ఒకప్పుడు గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. జిల్లా గీతలు మారిన ప్రతిసారీ మా కథ ఏ పుస్తకంలోనూ ఇమడకుండా పోతోంది. 1921లో మున్సిపాలిటీ పన్నులు భరించలేక దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగర్ అని పందిళ్ళు, పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. పాఠ్యపుస్తకంలో దీనికి నాలుగు పంక్తులు. ఎండకు, వానకు ఆ పాకల్లో బాలింతలు ఎలా ఉన్నారు, నేతగాళ్ళు మగ్గాలు ఎక్కడ పెట్టుకున్నారు, రోజు కూలి మీద బతికేవాళ్ళకు బియ్యం ఎవరు ఇచ్చారు అని అడిగితే చెప్పే పుస్తకం కావాలి. నాయకుడి పేరుతో మొదలై నాయకుడి అరెస్టుతో ముగిసే కథ మాకు ఇప్పటికే ఉంది.

పాత_కాలువ
బకింగ్‌హాం కాలువకు ఒక అధ్యాయం ఇవ్వమని నా మనవి. పెదగంజాం నుంచి దక్షిణాన పులికాట్ దాకా రెండు జిల్లాల తీరాన్నీ ఒకే దారంలా కలిపి కుట్టింది అదొక్కటే. మా తాతగారు ఆ కాలువ మీద ఉప్పు పడవ నడిపారు. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు భుజానికి వేసుకుని లాగేవాళ్ళు. ఆయన కుడి భుజం మీద తాడు ఒరిసిన చోట చర్మం చెప్పు తోలులా గట్టిపడి ఉండేది, చిన్నప్పుడు మేము దాన్ని తడిమి చూసేవాళ్ళం. ఉత్తరం నుంచి దక్షిణానికి ఉప్పు, వంటచెరకు, ధాన్యం వెళ్ళేవి. ఇంజనీర్లు, గవర్నర్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. 1876-78 కరవులో కూలి గింజల కోసం ఆ కాలువ తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

ఒంగోలు_అరుగు
పాత_కాలువ గారు కరవు ప్రస్తావన తెచ్చారు గనుక చెబుతున్నాను. ఆ కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, తిండి లేని మాదిగ కుటుంబాలకు అక్కడ పని ఇచ్చాడు. మిగతా చోట్ల మేస్త్రీల దౌర్జన్యానికి భయపడ్డవాళ్ళు ఇక్కడికి వచ్చారు. కరవు తగ్గుముఖం పట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రపంచంలోని బాప్టిస్టు సంఘాలన్నీ చెప్పుకునే ఈ సంగతి మన తెలుగు చరిత్ర పుస్తకాల్లో దాదాపుగా కనబడదు. కనబడినా దొర కథగానే కనబడుతుంది. ఆ రోజు నీళ్ళలో నిలబడి, ఇద్దరిద్దరుగా మార్చుకుంటూ బాప్తిస్మం ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులు. వీటన్నిటికీ ముందే, 1866లో, యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఈ మతంలోకి వచ్చి ఊరూరా తిరిగి చెప్పడంతోనే ఈ ఉద్యమం మొదలైంది. దొరలు ఇంగ్లీషులో తమ జ్ఞాపకాలు రాసుకున్నారు, అవి భద్రంగా ఉన్నాయి. పేరయ్య గారి కథ దొరల రాతల్లోంచి ఏరుకోవాల్సి వస్తోంది.

గుండ్లకమ్మ_ఒడ్డు
మా ఏటి పేరు పెట్టుకుని ఉన్నాను గానీ ఈ సంగతి ఇంత వివరంగా ఇప్పుడే చదువుతున్నాను. కూటికి ఆశపడి మతం మారారని ఒక్క మాటలో తేల్చేసేవాళ్ళు ఉన్నారు. కరవుకు పదేళ్ళ ముందే మొదలైన ఉద్యమాన్ని కూటితో ముడిపెట్టడం న్యాయం కాదు. ఈ అధ్యాయం తప్పకుండా ఉండాలి.

మైకా_మట్టి
గూడూరు, సైదాపురం, కలిచేడు వైపు అభ్రకం గనుల గురించి ఒక్క తెలుగు పుస్తకమైనా ఉందా? రేడియోలకు, విద్యుత్ పరికరాలకు వాడే అభ్రకం మన నేల నుంచి దేశదేశాలకు వెళ్ళింది. మా నాయనమ్మ షెడ్డులో కూర్చుని చిన్న కత్తితో అభ్రకం పలకలను పొరలు పొరలుగా విడదీసే పని చేసేది. సాయంత్రం ఇంటికి వస్తే చీర కుచ్చెళ్ళ మీద, కనురెప్పల మీద తళుకు పొడి అంటుకుని ఉండేదట. గనుల యజమానుల జీవితచరిత్రలు వచ్చాయి, కత్తి పట్టినవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు.

కరవది_దారి
ఒక్క మాట. 1960ల మొదట్లో బ్రెజిల్ వెళ్ళిన మన ఒంగోలు ఆబోతుల్లో ఒకటి అక్కడ ‘కర్వది’ అనే పేరుతోనే పేరు మోసింది. అక్కడ ఈ జాతి మొత్తాన్ని ‘నెలోర్’ అంటారు. మన ఊళ్ళ పేర్లు వేల మైళ్ళ అవతల పశువుల సంతల్లో రోజూ వినబడుతున్నాయి. దీన్ని గర్వంగా రాయండి, అదే సమయంలో మన రైతుల దొడ్లలో ఆ జాతి ఎందుకు తగ్గిపోయిందో కూడా రాయండి.

పులికాట్_గాలి
అందరూ తమ తమ ఊళ్ళ కథలు చెబుతున్నారు, సంతోషం. అసలు పుస్తకాలు చదివే ఇళ్ళల్లో పుట్టనివాళ్ళ కథలు ఈ చర్చలోకి కూడా రావడం లేదని గమనించారా? శ్రీహరికోట పేరు చెప్పగానే రాకెట్టు గుర్తొస్తుంది. 1969లో ఆ దీవిని ఎంచుకున్నారు, 1971లో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. అంతకుముందు ఆ అడవిలో యానాదులు ఉండేవాళ్ళు. దుంపలు, తేనె, చేపలు, మూలికలు వాళ్ళ బతుకు. అక్కడ కొట్టిన వంటచెరకు పాత_కాలువ గారు చెప్పిన కాలువ మీదుగానే మద్రాసు చేరేది. అంతరిక్ష కేంద్రం వచ్చాక వాళ్ళు అడవిని వదలాల్సి వచ్చింది. రాకెట్టు విజయాల మీద తెలుగులో ఎన్నో పుస్తకాలున్నాయి, వాటిని నేనూ ఇష్టంగానే చదివాను. ఆ నేల ఖాళీ నేల కాదని మొదటి పేజీలోనే చెప్పే పుస్తకం ఇంతవరకు చూడలేదు. యానాదుల కోసం జీవితాంతం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారి పేరు కూడా నెల్లూరు వాళ్ళలో కొద్దిమందికే తెలుసు.

శాసనప్రియ
పులికాట్_గాలి గారి మాట నన్ను ఆలోచనలో పడేసింది. వీళ్ళకు శాసనాలు ఉండవు, ఇంగ్లీషు జ్ఞాపకాలు ఉండవు. ఉన్న కాగితాలు కూడా అధికారులు రాసినవే. ఇలాంటి చోట పెద్దవాళ్ళ నోటి మాటే ఆధారం. అలాంటప్పుడు చెప్పినవాళ్ళు అనుమతిస్తే వాళ్ళ పేరు, ఊరు రాయాలి. అదే వాళ్ళకు మనం ఇచ్చే శాసనం.

కావలి_అక్షరం
ఇంతమందీ ఒక ఉదాహరణను వదిలేశారు. పుస్తకం చదివి మనుషులు ఏం చేస్తారో చూపించిన జిల్లా మనదే. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడులు పెట్టినప్పుడు, సారా వల్ల నాశనమైన సంసారం కథ వాచకంలో ఒక పాఠంగా వచ్చింది. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివిన ఆడవాళ్ళకు అది తమ కథేనని అనిపించింది. 1992లో దూబగుంటలో రోశమ్మ గారు, ఆమెతో ఉన్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఊరూరా అదే జరిగింది, జిల్లాలో సారా వేలంపాటలు ఆగిపోయాయి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తేలిక భాషలో, చదివేవాళ్ళ బతుకు గురించి రాసిన రెండు పేజీల పాఠానికి ఉన్న శక్తి ఇది. సామాన్య పాఠకుల పుస్తకాలు లోతు లేనివని అనేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. రోశమ్మ గారి ఒక్కరి పేరే మిగిలి, ఆమె పక్కన నిలబడ్డవాళ్ళ పేర్లు పోతున్నాయనే బాధ కూడా నాకుంది. వాళ్ళలో చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు.

చీరాల_మగ్గం
ఆడవాళ్ళ కథలంటే పొణకా కనకమ్మ గారిని కూడా చేర్చండి. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టిన మనిషి. ఆమె 1963లో చనిపోతే, స్వీయచరిత్ర 2011లో గానీ పుస్తకంగా రాలేదు. అన్నేళ్ళు ఆ కాగితాలు దాచినవాళ్ళకు దండం పెట్టాలి.

పెన్నాతీరం
ఇన్ని కథలు ఒక్క చిన్న పుస్తకంలో పట్టవు. అన్నిటినీ తలా రెండు పేజీలు రాస్తే మళ్ళీ పాఠ్యపుస్తకమే అవుతుంది. కాలువను ఆధారం చేసుకుని మొదటి పుస్తకం రాయాలనుకుంటున్నాను. తవ్వినవాళ్ళు, పడవ లాగినవాళ్ళు, ఉప్పు పండించినవాళ్ళు, శ్రీహరికోట నుంచి కట్టెలు పంపినవాళ్ళు, వెల్లంపల్లిలో ఏట్లో దిగినవాళ్ళు అందరూ ఆ ఒక్క కథలోకి సహజంగా వస్తారు. సంభాషణలు కల్పించి రాయవచ్చునా అనే సందేహం మాత్రం మిగిలి ఉంది. కల్పన లేకపోతే చదవరని కొందరు మిత్రులు అంటున్నారు.

గుండ్లకమ్మ_ఒడ్డు
రాయవచ్చు. తాడు లాగే ఇద్దరు మాట్లాడుకోకుండా నడవరు గదా.

శాసనప్రియ
రాయకండి. తాడు, భుజం మీద కాయ, గట్టు మీద ఎండ చాలు. ఎవరూ వినని మాటలను వాళ్ళ నోట పెడితే, రేపు ఇంకొకరు దాన్నే ఆధారంగా చూపిస్తారు. చరిత్రలో కట్టుమాటలు అలాగే చేరతాయి. ఎవరైనా నిజంగా చెప్పిన మాటలు దొరికితే వాటిని ఉన్నవి ఉన్నట్టుగా, వాళ్ళ యాసలోనే రాయండి.

కనిగిరి_కొండ
ఈ విషయంలో నేను శాసనప్రియ గారితో ఉన్నాను. మా కొమ్ములవాళ్ళు కూడా పాట మధ్యలో ఇది పెద్దలు చెప్పిన మాట అని చెప్పి గానీ ముందుకు పోరు.

పాత_కాలువ
మా నాన్నగారికి ఎనభై దాటాయి. చిన్నప్పుడు తాతగారితో పడవలో వెళ్ళిన రేవుల పేర్లు వరసగా చెప్పగలరు, లాకుల దగ్గర ఎంతసేపు ఆగేవాళ్ళో కూడా చెబుతారు. వచ్చి కూర్చుంటే నెమ్మదిగా చెబుతారు. ఉదయం పూట అయితే మంచిది, మధ్యాహ్నానికి అలసిపోతారు.

పులికాట్_గాలి
సూళ్ళూరుపేట చుట్టుపక్కల యానాది కాలనీల్లో దీవిలో పుట్టిన పెద్దవాళ్ళు కొందరు ఉన్నారు. నేను వెంట వస్తాను. రాసుకున్నది వాళ్ళకు చదివి వినిపించి, వాళ్ళు సరేనన్న తర్వాతనే అచ్చుకు ఇస్తానని మీరు మాట ఇవ్వాలి.

పెన్నాతీరం
మాట ఇస్తున్నాను. అచ్చుకు ముందు ఒకసారి, అచ్చయ్యాక మరొకసారి వెళ్ళి చదివి వినిపిస్తాను. పాత_కాలువ గారూ, ముందుగా మీ నాన్నగారి దగ్గరకే వస్తాను. ఏ ఊరు రావాలో విడిగా రాయండి.